సుందరమ్మ అవ్వను నా గిటార్ సంపిన శనివారం

ముందు చాయ్ రానియ్యుండ్రి, తర్వాత చెప్త. నేను చేసిన పని వింటే మీరు నన్ను ఈ బెంచీ మీద కూడ కూసోనియ్యరు. మా పాస్టరు అయ్యగారి తల్లి సుందరమ్మ అవ్వ తెలుసు గద? ఆమెను సంపిన. అరె, గాబరా పడకుండ్రి! అవ్వ మంచిగనే ఉన్నది. పొద్దుగాల నాలుగు ఇడ్లీలు తిన్నది, నేనే చూసి వచ్చిన. నిద్ర లేక గిట్లయింది నేనే.

మీకు ఎరికే గద, పామాయిల్ మిల్లుల నాది తూకం డ్యూటీ. పొద్దంత గెలల ట్రాక్టర్లు కాటా ఎక్కుతుంటయి, దిగుతుంటయి, నేను నంబర్ రాస్తుంట. ఎవ్వడు నా మొఖం చూడడు, స్లిప్పు చూస్తడు. ఆదివారం చర్చిల గిటార్ మెడకేసుకున్నప్పుడే, నేనూ ఒక మనిషినే అనిపిస్తది నాకు. పద్దెనిమిదేండ్ల నుంచి గదే నా ఇజ్జత్.

అసలు రోగం యూట్యూబుల మొదలైంది. అమెరికాల ఒక ముసలాయన, బ్లూస్ అని దుఃఖపు పాటలు గిటార్ మీద వాయిస్తడు. ఎక్కువ వాయించడు గూడ. ఒక్క తీగ పట్టి మెల్లగ పైకి గుంజుతడు, అబ్బ! మనిషి గొంతు పూడుకపోయి ఏడ్చినట్టుంటది. గా సౌండ్ నాకు కావాలె! ఆయన వాడిన పాత ఆంప్, గదే గిటార్ సౌండ్ పెంచే పెట్టె, ఈ జన్మల నాకు దొరుకదు. గందుకే డిజిటల్ డబ్బా ఒకటి తెప్పిచ్చిన. పాత ఆంప్‌లన్నిటి నకలు అందులనే ఉంటదట. ఏ ఆంప్, ఏ స్పీకర్, మైకు ఎంత దూరంల పెట్టాలె, గది ఎంత పెద్దగుండాలె, అన్నిటికి బటన్లే.

నాలుగు నెలలు తిప్పిన ఆ బటన్లు. గెయిన్ అని ఒక బటన్, ఎక్కువ పెడితే కందిరీగల తుట్టె కదిలినట్టు. తక్కువ పెడితే గిటార్‌కు జలుబు చేసినట్టు. మా ఆవిడ రూతు రోజూ అదే మాట: "ఏమయ్యా, నిన్నటికి ఇయ్యాళటికి తేడా ఏంది?" తేడా లేదు. గదే నా బాధ!

ఈస్టర్ నాడు ఆ డబ్బా కీచుమని ఒర్లింది, అయ్యగారి ప్రార్థన నడుమ. కోతపండుగకు ఒక్క పాట ఇచ్చుకుంట అయ్యగారు చల్లగ చెప్పిండు: "సామేలూ, ఈసారి గూడ గడబిడ అయితే గిటార్ ఇంట్లనే పెట్టుకో నాయనా. కీబోర్డ్ చాలు మనకు."

పండుగ ఆదివారం. నాకు మిగిలింది శనివారం ఒక్కటే. ఇయర్‌ఫోన్లల దొరకని సౌండ్ పెద్ద స్పీకర్లల దొరుకుతదేమో అని, డ్యూటీ దిగి సీదా చర్చికి పోయిన. ఊరికి ఇబ్బంది ఎందుకని తలుపులు మూసిన, కిటికీలు మూసిన, ఫ్యాన్ గూడ వెయ్యలే. గంత మర్యాదస్తుణ్ణి! డబ్బాను చర్చి మైక్‌సెట్టుకు కలిపి మళ్ల బటన్లు తిప్పుడు షురూ చేసిన.

మూడున్నరకు అనుకుంట... దొరికింది! ఒక్క తీగ గుంజిన, ముసలాయన దిగివచ్చి నా పక్కన నిలబడ్డట్టే. ఒంటిమీద వెంట్రుకలు లేచినయి. కండ్ల నీళ్లు పెట్టుకున్న, నిజం చెప్తున్న. కండ్లు మూసుకొని గా ఏడుపునే అరగంట వాయించిన.

ఒక్కటి చూసుకోలే. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు చర్చి పైన లౌడ్‌స్పీకర్ పెట్టిండ్రు. దాని స్విచ్ ఎవ్వరు బంద్ చెయ్యలే.

మా చర్చి పద్ధతి మీకు తెల్వది. సంఘంల ఎవరన్న చనిపోతే, ముందుగాల ఆ లౌడ్‌స్పీకర్ల మెల్లగ ఒక ఏడుపు రాగం వాయిస్తరు. తర్వాత పేరు చెప్తరు. పేరు చెప్పేదాక ఊరంత పని ఆపి నిలబడతది. ఇగ నేనేమో పేరు చెప్పకుండ అరగంట నుంచి వాయిస్తున్న!

ధన్‌మని తలుపు. తీస్తే సంఘపెద్ద ప్రకాశం మామ, చెమటలు కక్కుకుంట.

"పేరు చెప్పురా! ఎంతసేపు వాయిస్తవ్? ట్రాక్టర్లు రోడ్డు మీదనే ఆగినయి!"

"ఏం పేరు మామా?"

"పోయినోళ్ల పేరు!"

మామ ఎనుక చూస్తే రోడ్డంత జనం. గూడెం నుంచి గూడ వచ్చిండ్రు, అడవి అంచు దాక వినొచ్చిందట. గప్పుడు సమజైంది నాకు. ఏం చెయ్యాలో తెల్వక డబ్బా ప్లగ్గును గోడల నుంచి గుంజేసిన.

అప్పటికే కావాల్సింది అయింది. సుందరమ్మ అవ్వ తొంభై ఏండ్ల మనిషి, మొన్ననే జ్వరంల పడి లేచింది, ఇంకెవరు పోతరు అని ఆడోళ్లంత అయ్యగారి ఇంటికి ఉరికిండ్రు ఏడ్చుకుంట. అవ్వ అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుకుంట కూసున్నది. అందరు ఏడుస్తుండ్రని ఆమె గూడ చిక్కుళ్లు పక్కకు పెట్టి ఏడ్వవట్టింది, "ఎవరు పోయిండ్రే తల్లీ?" అనుకుంట.

సాయంత్రం అదే అరుగు ముందట సంఘపెద్దలు కూసున్నరు. నేను నిలబడ్డ. "గిటార్ బంద్" అన్నడు ప్రకాశం మామ. అయ్యగారు నా దిక్కు చూడలే. పద్దెనిమిదేండ్లు అయిపోయినయి అనుకున్న.

"ఆగుండ్రి," అన్నది అవ్వ. "రేపు పండుగకు కీబోర్డే వాయించుకోండ్రి. గిటార్ మాత్రం బంద్ పెట్టేది లేదు. నేను పోయిననాడు గీ పోరడే వాయించాలె. గదే సౌండ్! వేరేది పెట్టిండ్రనుకో, పెట్టెల నుంచి లేచివస్త."

తల్లి మాట అయ్యగారు కాదంటడా? నేను అవ్వ కాళ్లు పట్టుకున్న. ఇంటికి గాల్ల తేలుకుంట పోయిన. రూతుకు వినిపిద్దామని డబ్బా ఆన్ చేసిన.

కందిరీగలు.

"నొక్కినవా ఆ సేవ్ బటన్?" అన్నది రూతు.

నొక్కలే. ప్లగ్గు గుంజిన గద! అన్ని బటన్లు మొదటికి పోయినయి. ఏది ఎంతల పెట్టిన్నో ఒక్క ముక్క యాదికి లేదు.

ఇయ్యాళటికి రెండు వారాలు. డ్యూటీ దిగుడు, బటన్లు తిప్పుడు. దొరుకలే. నడుమల పొద్దుగాలొకసారి, మాపటికొకసారి అవ్వ కాడికి పోతున్న. గోళీలు వేసుకున్నవా, కాళ్లు వాచినయా, మెట్లు దిగకు, నేను నీళ్లు తెస్త. "కన్నకొడుకు గూడ గింత అడుగడు," అని అవ్వ అందరికి చెప్పుకుంటున్నది. మొన్న ఆదివారం అయ్యగారు ప్రసంగంల నా పేరు చెప్పిండు, పెద్దల మీద ప్రేమ అంటే గట్లుండాలె అని. సంఘమంత ఆమెన్ అన్నది. సౌండ్ దొరికేదాక అవ్వ పోవద్దని నా భయం, గది వాళ్లకేమెరుక? నేను తలకాయ వంచుకున్న.

సరే, లేస్త మరి. చాయ్ పైసలు మీరిచ్చేయుండ్రి. జల్దీ పోవాలె, అవ్వను బీపీ చూపించేతందుకు దవాఖానాకు తీస్కపోవాలె.