జానెడు కుట్టని బొంత

మొన్న మధ్యాహ్నం మా వీధిలోకి పాత చీరలు తీసుకుని ప్లాస్టిక్ టబ్బులిచ్చే ఆటో వచ్చింది. తిరుపతిలో ఇప్పుడు అది రాని వీధి లేదు, ఆ మైకు గోలకు కునుకు పట్టిన ముసలివాళ్ళూ లేరు. నా కోడలు మంచిపిల్ల, నా మాటకు ఎదురు చెప్పదు, కాకపోతే నన్ను అడిగి ఏ పనీ చేయదు. మూలనున్న చీరలన్నీ మూటగట్టి, వాటితోపాటు నా బీరువా అడుగున ఉన్న బొంతను కూడా ఆటోలోకి ఎక్కించింది. నేను చెప్పులైనా వేసుకోకుండా పోయి దాన్ని లాక్కొచ్చాను. ఆటో ఆయన దాన్ని అప్పటికే విప్పి చూసినట్టున్నాడు. "ఎత్తుకుపో అవ్వా, నడిమధ్య కుట్టే లేదు దీనికి, మగ్గు గూడా రాదు" అని నవ్వాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆ బొంతకు నడిమధ్య అర జానెడు మేర కుట్టు లేదు.

మా సేద్యం పలమనేరు పక్కన. నాయన, పెదనాయన భూములు పంచుకున్నా పొయ్యి మాత్రం ఒకటే ఉండేది. పెద్దమ్మకు పిల్లలు కలగలేదు. అమ్మ మమ్మల్ని ముగ్గురినీ కని పెద్దమ్మ చేతుల్లో పెట్టి, మళ్ళీ కలుపుతీతకు పోయిన మనిషి. అందుకే మా పడక ఎప్పుడూ పెద్దమ్మ పక్కనే. ఆమె కుడివైపు ఎవరు పడుకోవాలన్నదే ఆ ఇంట్లో నాకు తెలిసిన పెద్ద తగాదా.

తొలకరికి ముందు విత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశనగ, ఒలవడం, వానల్లో కలుపు, కార్తీకానికి కాయ పెరికి ఎండబెట్టడం, మార్గశిరపు చలిలో అనపగింజలు నానబెట్టి వేళ్ళు పొక్కేదాకా పితికి పితికిపప్పు వండడం, శివరాత్రి పోయాక చింతపండు కొట్టడం, ఇలా ఏడాది పొడుగునా ఆ తోడికోడళ్ళిద్దరి చేతులూ ఖాళీగా ఉన్నది నేను చూడలేదు. ఎండాకాలం వచ్చి పొలం పని తగ్గితే అప్పుడు బొంత. నా ఈడువాళ్ళకు చెప్పనక్కర లేదు, ఇప్పటి పిల్లలకు చెప్పాలి. చినిగిన పంచెలూ చీరలూ పొరలు పొరలుగా పరిచి, పైన కాస్త రంగున్న చీర వేసి, మూలలకు రాళ్ళు పెట్టి, అమ్మ ఒక కొసనుంచి, పెద్దమ్మ ఇంకో కొసనుంచి వరుసలు కుట్టుకుంటూ నడిమధ్యకు వచ్చేవాళ్ళు. అమ్మది సన్నకుట్టు, పెద్దమ్మది అంగలకుట్టు. చిన్నదాని కుట్టు నువ్వుగింజ, పెద్దదాని కుట్టు చింతగింజ అని మా అవ్వ ఎగతాళి చేసేది. ఇద్దరి సూదులూ నడిమధ్య కలిసిననాడు ఇంట్లో పాయసం వండేవాళ్ళు. మాకు బొంతకన్నా ఆ పాయసం మీదే ధ్యాస.

నాకు పదేళ్ళప్పుడు అనుకుంటా, బావిలో నీళ్ళు అడుగంటాయి. రాగిమడికి నీళ్ళు పెట్టే వంతు నాదంటే నాదని అన్నదమ్ములు వాకిట్లోనే అరుచుకున్నారు. వసారాలో బొంత పరిచి ఉంది, ఇక జానెడే మిగిలింది, ఇద్దరాడవాళ్ళూ తలొంచుకుని కుడుతూనే ఉన్నారు. చివరికి పెద్దమ్మ ఉండబట్టలేక, మా నాయన కూడా కాస్త తగ్గితే బాగుండునంది. అంతే. అమ్మ తల ఎత్తి, "కప్పుకునే బిడ్డలు నా బిడ్డలు. నీకెందుకుమా ఈ బొంత?" అనేసింది.

పెద్దమ్మ సూదిని బట్టలోనే గుచ్చి, లేచి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోయింది. నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ వారంలోనే పొయ్యిలు వేరయ్యాయి, వాకిట్లో గోడ లేచింది.

నీళ్ళ తగాదా వానలు పడేసరికి మగవాళ్ళు మరిచిపోయారు. వాళ్ళు సంతకు కలిసే పోయేవాళ్ళు. ఆడవాళ్ళ మధ్య ఆ ఒక్క మాట మాత్రం అట్లే నిలిచిపోయింది. పెద్దమ్మ మమ్మల్ని వదల్లేదు, చలికాలంలో పితికిన అనపగింజలు చేటలో పోసి గోడమీద పెట్టేది. అమ్మ ఆ చేటను ఏనాడూ వట్టిది తిప్పి పంపలేదు, రాగిపిండో మునగాకో పోసి మళ్ళీ గోడమీదే పెట్టేది. ఇద్దరి మధ్యా చేట తిరిగేది గానీ మాట తిరిగేది కాదు.

ఆ బొంతను అమ్మ పూర్తిచేయనూ లేదు, మాకు కప్పనూ లేదు. ఏటా ఎండాకాలంలో అటకమీదనుంచి దించి, గోడ అవతలికి కనపడేటట్టు దండెంమీద ఆరేసేది. పెద్దమ్మ గుచ్చిన సూది తుప్పుపట్టి అట్లే ఉండేది. ఆ జానెడూ నువ్వే కుట్టేయొచ్చు కదమ్మా అని నేనడిగితే, "అదీ నేనే కుట్టేస్తే మీ పెద్దమ్మ ఇంక రాదు పాపా" అన్నది. గడప దాటి పోయి తప్పయిందని చెప్పడానికి మాత్రం ఆమెకు కాళ్ళు రాలేదు. పెద్దమ్మ ఆ బొంతను చూసేది, చూసి లోపలికి పోయేది. పిలుపు కోసం ఆమె, రాక కోసం ఈమె. ఇప్పుడు తలుచుకుంటే ఇద్దరిమీదా కోపం వస్తుంది, కోపం వెనకే ఏడుపూ వస్తుంది.

నాకు పెళ్ళీడు వచ్చిన ఏడు అమ్మ మంచం పట్టింది. ఆసుపత్రులు తిప్పి, ఇక ఇంటికి తీసుకుపొమ్మంటే తెచ్చి వసారాలో పడుకోబెట్టాము. ఒక పొద్దున అమ్మ నా చేయి పట్టుకుని పెద్దమ్మను పిలవమంది. నేను పరిగెత్తాను. పెద్దమ్మ అనపచేనిలో కాయలు కోస్తూ ఉంది. ఒడిలో కాయలు ఒడిలోనే ఉండగా గట్టుమీద పడుతూ లేస్తూ వచ్చింది. అంతలోపలే అమ్మకు మాట పడిపోయింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, ఆమెను చూసి అవి నీళ్ళతో నిండాయి.

పెద్దమ్మ ఏడవలేదు. బొంత దించమంది, కొత్త సూది అడిగింది, మంచం పక్కన కూర్చుని అంగలకుట్టు మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళు ఇదేం పిచ్చి అన్నట్టు చూశారు. మిగిలిన జానెడులో సరిగ్గా సగానికి వచ్చి ఆపి, సూదిలో దారం మార్చి, అమ్మ వేళ్ళమధ్య పెట్టి, "నా వంతు అయిపాయ మే. నీ వంతు ఉండాది. లెయ్యి, కుట్టు" అంది. అమ్మ వేళ్ళు కదిలాయి. సూది నిలవలేదు, జారి కిందపడింది. పెద్దమ్మ తీసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. అప్పుడు ఏడ్చింది పెద్దమ్మ, నేను అంతకుముందూ ఆ తర్వాతా అట్లాంటి ఏడుపు వినలేదు.

ఆ సాయంత్రమే అమ్మ పోయింది. పోయినవాళ్ళ పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదు, ఊరి బయట వేసి రావాలి. ఎవరో ఆ బొంతను కూడా చుట్టబోతే, ఆచారమంటే అందరికన్నా పట్టింపు ఉన్న మా పెద్దమ్మే అడ్డం నిలబడింది. "ఇది నా బిడ్డలు కప్పుకునే బొంత. యాడికీ పోదు" అంది. నాయన వచ్చి దాన్ని ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె పోయాక అది నా దగ్గరికి చేరింది.

ఇప్పుడు పెద్దమ్మ లేదు, ఆ గోడ లేదు, బావి కూడా పూడిపోయిందట. మా ఇంట్లో నలుగురికీ నాలుగు గదులు, నాలుగు కొన్న రగ్గులు, ఒకరి చలి ఒకరికి తెలియదు. మాటపట్టింపులు ఇప్పుడూ ఉన్నాయి, కానీ ఎదుటి మనిషి వస్తుందని సగం పని అట్లే ఉంచి ఎదురుచూసే ఓపిక ఎవరికుంది, నాకు మాత్రం ఉందా? ఆటో సంగతికి కోడలు నొచ్చుకున్నట్టుంది, ఆ సాయంత్రం సూదీ దారం తెచ్చి, చూపించత్తా, ఆ కొంచెం నేను కుట్టి ఇస్తాను అంది. పిల్ల మనసు మంచిది. ఆ వంతు నీదీ కాదు, నాదీ కాదు తల్లీ అని చెప్పి, కాదన్నందుకు బాధపడుతుందేమోనని పక్కన కూర్చోబెట్టుకుని సగం బొంత తన ఒళ్ళో కప్పాను. మార్గశిరం వచ్చిందంటే ఆ కుట్టులేని చోట పొరలు జరిగిపోయి చలి దూరుతుంది. దూరినచోట చేయి అడ్డం పెట్టుకుని పడుకుంటాను.