విన్నీ సైక్స్ కుర్చీలో మారిస్

మారిస్ బూత్‌రాయిడ్ గిటార్ ధ్వనిని పెంచే పెట్టె, యాంప్, దాని మీద పద్దెనిమిది నాబ్‌లున్నాయి. పాట వెనక మెల్లగా మోగడానికి ఒక చానెల్, రిథం వాయించడానికి ఇంకొకటి, సోలో కోసం లీడ్ చానెల్. ఒక్కోదానికి ఆరు. ఆ యాంప్‌కు రెండో వైపు పట్టుకుని పదకొండేళ్లుగా మెట్లెక్కిస్తున్నది నేనే. ఆ పద్దెనిమిదీ వరుసగా రెండు నెలలు ఒకే చోట నిలిచిన గుర్తు నాకు లేదు.

ఏ నాబ్ ఎక్కడుండాలో గుర్తుకు వాటి కింద పొడవునా తెల్ల టేపు అంటించాడు. దాని మీద పెన్సిల్ గీతలు, అవి తప్పని తేలాక గీసిన నీలం గీతలు, నీలం కూడా కాదనుకున్నాక ఎర్ర గీతలు. చోటు అయిపోతే టేపు మీద టేపు. నేను బేస్ గిటార్ వాయిస్తాను. నా యాంప్‌కు నాలుగు నాబ్‌లు. వాటిని ఆఖరిసారి ఎప్పుడు తిప్పానో చెప్పలేను.

ఈ సంగతి జరిగేనాటికి మారిస్‌కు అరవై ఒకటి. హడ్డర్స్‌ఫీల్డ్ పైన లోయలో మూడు బడులను వెచ్చగా ఉంచే బాయిలర్లు అతని చేతి కింద ఉండేవి. మాట తక్కువ మనిషి. ఇల్లు, ఆరోగ్యం, చనిపోయిన అన్న, వేటి గురించీ రెండు వాక్యాలకు మించి మాట్లాడేవాడు కాదు. గిటార్ టోన్ గురించి అడిగితే మాత్రం తిరుగుదారి పొడవునా చెప్పేవాడు. అడగకపోయినా చెప్పేవాడు.

మేం కలిసి వాయించడం మొదలెట్టిన ఏడే, చలికాలం ఒక పొద్దున బాయిలర్ తలుపు అతని ఎడమచేతి ఉంగరపు వేలి మీద పడింది. ఎముక అతుక్కుంది గాని కొసకు స్పర్శ తిరిగి రాలేదు. ఆ వేలు తీగ మీద ఎంత గట్టిగా పడిందో అతనికి తెలియదు. లీడ్ చానెల్‌లో గెయిన్ పెరగడం మొదలైంది అప్పటి నుంచే. గెయిన్ పెంచితే ధ్వని గరుకెక్కి సాగుతుంది. సరిగ్గా నొక్కని స్వరం పక్క స్వరాల్లో కలిసిపోతుంది, తప్పు పైకి కనపడదు. గిటార్ పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. నాకు తెలుసని మారిస్‌కూ తెలుసు. అయినా మేం ఎప్పుడూ టోన్ గురించే మాట్లాడుకున్నాం.

గెయిన్ అంత పెట్టాక గిటార్ ఒక ముద్దగా మారి మా యంత్రం వాయించే డ్రమ్స్ వెనక మునిగిపోయేది. పైకి తేలడానికి ట్రెబుల్, అంటే ధ్వనిలోని పదును, పెంచేవాడు. అప్పుడు లీడ్ ముందు రిథం పలచగా ఉందనిపించి అక్కడా పెంచేవాడు. ఇదంతా ఆదివారాలు తన గరాజ్‌లో, ఒంటరిగా, తక్కువ శబ్దంతో చూసుకునేవాడు. గరాజ్‌లో బ్రహ్మాండంగా ఉండేదట.

మేం వాయించడానికి ఇంకా మిగిలింది స్కార్‌ఫోర్డ్ కార్మికుల క్లబ్బు ఒక్కటే. మిగతావాటిలో ఒకదాన్ని ఫ్లాట్లు చేశారు, ఒకదాంట్లో తివాచీలు అమ్ముతున్నారు. స్కార్‌ఫోర్డ్‌లో నెలనెలా మొదటి శనివారం మాది. అది పోతే మారిస్‌కు ఆ గరాజే మిగులుతుంది.

ఆ క్లబ్బులో కుర్చీల మీద పేర్లు రాసి ఉండవు. ఎవరిదేదో అందరికీ తెలుసు. తన కుర్చీలో తెలియక కూర్చున్న పొరుగూరి అతిథిని బీరు గ్లాసుతో సహా లేపి నిలబెట్టిన మనిషి మారిస్ తండ్రి. మారిస్ పెరిగింది అలాంటి చోట.

వేదికకు ఎదురుగా మూడో బల్ల దగ్గర, గోడవైపు కుర్చీ విన్నీ సైక్స్‌ది. ఎనభై మూడేళ్లు. ఉన్ని మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసినవాళ్లందరికీ ఆ మోతకు చెవులు పోయాయి. విన్నీది మరమ్మతు గది. నేసిన బట్టను వెలుతురులో పరిచి, తెగిన పోగులు వెతికి సూదితో కలిపే పని. నిశ్శబ్దమైన గదిలో నలభై ఏళ్లు. ఆవిడ చెవులు చెక్కుచెదరలేదు, అదే మా ప్రారబ్ధం.

మే నెలలో విరామమప్పుడు క్లైవ్ మా దగ్గరికి వచ్చాడు. ఏ శనివారం ఎవరు వాయించాలో తేల్చే క్లబ్బు కార్యదర్శి అతనే.

"విన్నీ మళ్లీ వచ్చింది నా దగ్గరికి," అన్నాడు.

"ఈసారేంటంట?" అన్నాడు మారిస్.

"నీ గిటార్‌కి పళ్లు జివ్వుమన్నాయంట. కట్టుడు పళ్లు కూడా."

"పక్క బల్లకి మారమనొచ్చుగా?"

క్లైవ్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు ఈ ఊళ్లోనే పుట్టావా?"

మారిస్ తల వంచి గిటార్ తీగ బిగించసాగాడు.

"చూడు మారిస్, నెలనెలా ఆవిడతో తిట్లు తినే ఓపిక నాకు లేదు. జూన్‌లో ఇంకొక్కసారి ఆవిడ లేచి నా దగ్గరికొచ్చిందా, జులై నుంచి ఇంకొకళ్లని పిలుస్తా. ఇద్దరమ్మాయిలున్నారు, ఒక కీబోర్డు పెట్టుకుని పాడతారు. యాంపులూ గీంపులూ ఏం లేవు, హాయి."

ఆ అయిదు వారాలూ మారిస్ ప్రతి సాయంత్రం గరాజ్‌లోనే ఉన్నాడు. రోజు విడిచి రోజు నాకు ఫోన్. మిడిల్, అంటే మధ్య స్థాయి ధ్వని, తగ్గించాడట. మర్నాడు పెంచాడట. స్పీకర్‌కు అడ్డంగా తువ్వాలు కట్టాడట, తీసేశాడట. ఒకరోజు, "దొరికిందిరా గ్లెన్," అన్నాడు. రెండు రోజులకే అది పోయింది. నేను టీవీ చూస్తూనే ఊఁ కొట్టడం అలవాటు చేసుకున్నాను.

జూన్ మొదటి శనివారం మధ్యాహ్నం రెండింటికే క్లబ్బుకు వెళ్లాం. లోపల మేమిద్దరమే. మారిస్ వేదిక మీద యాంప్ పక్కన నిలబడి సోలో వాయిస్తూ, ఒక నాబ్ తిప్పుతూ, మళ్లీ అదే వాయిస్తూ ఉన్నాడు. నేను హాల్లో అటూ ఇటూ తిరిగి వింటున్నాను. నా చెవికి అన్నీ ఒకటే. పదిహేనోసారికి మూడో బల్ల దగ్గర బూటు లేసు ఊడితే కట్టుకుందామని వంగాను.

చెవిలో ఎవరో దబ్బనం దించినట్టయింది.

లేచి నిలబడ్డాను. మామూలుగానే ఉంది. మళ్లీ వంగాను. మళ్లీ అదే. వేదిక నడుమెత్తున ఉంటుంది. దాని మీద యాంప్. అందులో స్పీకర్ సూటిగా చూసేది నిలబడ్డవాడి ఛాతీని, కూర్చున్న మనిషి ముఖాన్ని. మారిస్ పక్కన నిలబడతాడు కాబట్టి ఆ ధ్వని అతని మోకాళ్లను తాకి పోతుంది. పదకొండేళ్లుగా అతను మోకాళ్లతో విని నాబ్‌లు తిప్పుతున్నాడు.

"ఒరేయ్ మారిస్, ఇటు రా," అని కేకేశాను. "గిటార్ నాకిచ్చి నువ్విక్కడ విను."

వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. నేను వేదికెక్కి వాయించాను.

"బానే ఉందిగా," అన్నాడు.

"నిలబడితే బానే ఉంటుంది. కూర్చో."

"ఎక్కడ?"

"కుర్చీలో, ఇంకెక్కడ?"

"అది విన్నీ ఆంటీది."

"ఆవిడ లేదు కదా ఇక్కడ!"

"లేకపోతే?"

"పోనీ ఆ పక్కదాంట్లో కూర్చుని ఇటు వంగు."

"అది ఆర్నల్డ్‌ది."

ఆర్నల్డ్ విన్నీ భర్త. పోయి తొమ్మిదేళ్లయింది. మారిస్ బల్ల అంచు పట్టుకుని, కుర్చీకి తగలకుండా దాని పక్కన గొంతుక్కూర్చోవడానికి ప్రయత్నించాడు. మోకాళ్లు సగందాకా ఒప్పుకున్నాయి. అరవై ఒక్క ఏళ్ల మనిషి, ఖాళీ హాలు, ఖాళీ కుర్చీ. గిటార్ కింద పెట్టి ఇంటికి పోదామనిపించింది.

"నా కుర్చీ చుట్టూ ఏమిటా కుప్పిగంతులు?"

గుమ్మంలో విన్నీ. సాయంత్రం ఆడే బింగో అనే అంకెల ఆటకు బల్లల మీద కాగితాలు సర్దడం ఆవిడ పని. శనివారం మూడింటికల్లా వస్తుందని ఇద్దరమూ మరిచిపోయాం. మారిస్ బల్ల పట్టుకుని పైకి లేచాడు.

"నేను కూర్చోలేదు ఆంటీ."

"కూర్చోలేదని కనపడుతూనే ఉంది. ఏం చేస్తున్నావు మరి?"

నేను చెప్పాను. కూర్చున్న మనిషికే అది గుచ్చుకుంటుందని, వాడు నిలబడి వింటే తెలియడం లేదని. విన్నీ కాగితాల డబ్బా బల్ల మీద పెట్టింది.

"పదకొండేళ్ల నుంచి చెప్తున్నా, దీనికిప్పుడు పరిశోధన మొదలెట్టారా? కూర్చో, అబ్బాయ్."

"వద్దులే ఆంటీ."

"కూర్చోమన్నానా. మీ నాన్న లేచొచ్చి లేపడులే."

మారిస్ కుర్చీ అంచున, డాక్టరు దగ్గరికొచ్చినవాడిలా కూర్చున్నాడు. విన్నీ వెనక నిలబడింది. అతను పెట్టిన నాబ్‌లతోనే లీడ్ చానెల్ నొక్కి నాకు వచ్చినంతలో వాయించాను. నాలుగు స్వరాలకే అతని తల వెనక్కి పోయింది.

"ఆపు, ఆపు."

"నేనైతే నెలనెలా పాట మొత్తం వినాల్సొస్తోంది," అంది విన్నీ. "వాయించవయ్యా, ఆపకు."

పూర్తయ్యేదాకా వాయించాను. మారిస్ ముఖం ఎర్రబడింది.

"ట్రెబుల్ తగ్గించు," అన్నాడు.

సగానికి తగ్గించి వాయించాను.

"ఇప్పుడు అసలు తెలియట్లేదే. ముద్దలా ఉంది."

"ముద్దే," అంది విన్నీ. "ఎప్పుడూ ముద్దే. ఇన్నాళ్లూ దానికి ముళ్లుండేవి. ముళ్లు తీశావు, ముద్ద మిగిలింది."

"మిడిల్ పెంచు గ్లెన్."

పెంచాను. కొంత నయం. ఇక మిగిలింది ఒక్కటే. దాని మీద చెయ్యి వేసి అతని వైపు చూశాను.

"గెయిన్," అన్నాను.

మారిస్ ఎడమచెయ్యి బల్ల మీద ఉంది. దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తగ్గించు."

"ఎంత?"

"నాకు చెప్పకు. నువ్వే చూసి తగ్గించు."

ఎనిమిది దగ్గరున్నదాన్ని నాలుగుకు తెచ్చాను. రిథం చానెల్‌లో ఇంకా తక్కువకు తెచ్చి, లీడ్ ఒక అడుగు ముందు నిలబడేలా దాని వాల్యూమ్ కాస్త పెంచాను. వాయించాను. ఒక్కో స్వరం విడివిడిగా హాలు చివరిదాకా వెళ్లింది. నా తప్పులు కూడా వెళ్లాయి.

"గిటార్ అంటే ఇదా?" అంది విన్నీ. "మరి ఇన్నేళ్లూ ఏమిటది? ఇక లే, నాకు పనుంది."

సాయంత్రం ఏడున్నరకు మొదలుపెట్టాం. రెండో పాటకే మారిస్ ముఖం ముడుచుకుంది. అతను నిలబడ్డ చోటికి గిటార్ తడి కోటు కిందనుంచి వాయిస్తున్నట్టు వినిపిస్తోందని నాకు తెలుసు. మూడో పాటలో అతని చెయ్యి ట్రెబుల్ నాబ్ దగ్గరికి వెళ్లింది. మూడో బల్ల నుంచి విన్నీ చూస్తోంది. చెయ్యి వెనక్కి వచ్చింది. అయిదో పాటలో మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది.

విరామానికి ముందు పాటలో సోలో. కాలితో లీడ్ చానెల్ నొక్కి మొదలుపెట్టాడు. ఎప్పుడూ వాయించే స్వరాల్లో సగమే వాయించాడు. ఇదివరకు అన్నిటినీ అతికించి పెట్టే గెయిన్ ఇప్పుడు లేదు. ఒక్కోటీ వేలితోనే నిలబెట్టాలి. నిలబెట్టాడు. సోలో మధ్యలో ఉంగరపు వేలు పడాల్సిన చోట స్వరం రాలేదు. చెక్క మీద తట్టినట్టు 'టక్' అని వినిపించి ఊరుకుంది. మారిస్ కళ్లు నా వైపు తిరిగాయి. నేను నా తీగల వైపు చూసుకున్నాను. మిగతాది వాయించి పాట ముగించాడు.

చప్పట్లు ఎప్పటిలాగే ఉన్నాయి. విన్నీ లేచింది. నేరుగా బార్ దగ్గర నిలబడ్డ క్లైవ్ వైపు నడిచింది. మారిస్ గిటార్ పట్టా తీయకుండా అలాగే నిలబడిపోయాడు. ఆవిడ క్లైవ్‌తో ఏదో అంది. అతను జేబు తడుముకుని బింగో పెట్టె తాళంచెవి తీసి ఇచ్చాడు. అంతే. ఆవిడ వెనక్కి వస్తూ వేదిక ముందు ఆగింది.

"మధ్యలో ఒక పోగు తెగింది, అబ్బాయ్."

"వినపడిందా?"

"వినపడకపోవడమేంటి? ఇన్నాళ్లూ తెగుతూనే ఉండుంటుంది. నీ ముద్దలో తెలిసేది కాదు."

"వేలు..." అన్నాడు మారిస్.

"వేలి సంగతి ఊరంతా ఎరిగిందే నాయనా. అక్కడ ఇంకో వేలు పెట్టు. నాలుగు లేవూ?"

ఆవిడ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. క్లైవ్ వచ్చి, మాంసం కూరిన రొట్టె, బఠాణీలు ఉన్న పళ్లేలు మా ఇద్దరికీ ఇచ్చాడు.

"జులై మొదటి శనివారం," అన్నాడు. "ఆలస్యం చేయకండి."

మారిస్ పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు గాని తినలేదు. ఊరంతా ఎరిగిందేనట, అన్నాడు ఒకసారి. నేను బఠాణీలు తిన్నాను.

కచేరీ ముగిశాక యాంప్‌కు చెరో వైపు పట్టుకుని మెట్లు దిగాం.

"ఇరవై సెకన్ల సోలో," అన్నాడు. "అందులో ఒక్క స్వరం. ఆ మనిషి పట్టుకుంది దాన్ని."

"మెట్టు చూసుకో," అన్నాను.

"మిగతావన్నీ బాగున్నాయని ఒక్క మాట అందా? అనలేదు."

"అనదు."

"నాకైతే అసలేమీ వినపడలేదు ఈ సాయంత్రమంతా. నా గిటార్ నాకు తప్ప అందరికీ వినపడుతోంది. ఇదేం టోన్ రా?"

"మారిస్, ఇంకో మెట్టుంది."

వ్యాన్‌లో యాంప్ ఎక్కించి తలుపు వేశాను. మారిస్ టేపు మీద కొత్త గీత గీయలేదు. పాతవి కొట్టెయ్యనూ లేదు. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోకుండా, ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టుకుని ఏదో చేస్తున్నాడు. చూపుడు వేలు కొద్దిగా పైకి జరిపాడు. కాదనుకుని వెనక్కి తెచ్చాడు. మళ్లీ జరిపాడు.

"చూపుడు వేలు అక్కడికి జరిపితే తర్వాతి స్వరానికి అందదు," అన్నాడు.

"అయితే ఆ తర్వాతిది వదిలెయ్."

"వదిలేస్తే ఆవిడకి వినపడదా?" అన్నాడు విసుగ్గా. నేను వ్యాన్ స్టార్ట్ చేశాను.