గాలికి అడ్డం కూర్చునే అక్క

మా తోడికోడలు పోయిన మంగళవారం కన్నుమూసింది. మా బావగారి భార్య, నాకు అక్క. కల్లంలో మిరపకాయలు ఏరుతూ, కాసేపు నడుం వాలుస్తానని గోనెపట్టా మీద పడుకుని మరి లేవలేదు. మొహంలో నొప్పి జాడే లేదు. పోవడం కూడా ఎంత సుఖంగా పోయింది అనుకున్నాను, ఏడుస్తూనే. ఆమె మీద నా అసూయ పాతది. చావుతో పోయేలా లేదు.

తొంభైల చివర్లో అక్కకు నడుం ఒక పక్కన సర్పి లేచింది, పాము చుట్టినట్టు పొక్కుల బారు. పొక్కులు కనబడక ముందునుంచే ఆ పక్క ఒకటే సలుపు. గుంటూరు తీసుకెళ్లాం.

"అరవై దాటింది, నొప్పి ముందే మొదలైంది, పొక్కులూ దట్టంగా ఉన్నాయి. ఇలాంటివాళ్లకు పుండు మానినా నరాల నొప్పి ఉండిపోయే అవకాశం ఎక్కువమ్మా. ఖాయమని మాత్రం చెప్పలేను" అన్నారు డాక్టరుగారు. వెంటనే మాత్రలు మొదలుపెట్టారు.

ఆ నొప్పి కోసం ఇంటిల్లిపాదీ సిద్ధపడ్డాం. అక్కకు మెత్తటి పక్క, సగ్గుబియ్యం జావ. ఆమె వంతు కాయ ఏరడం కూడా నాకే. అప్పుడే కొంచెం కుళ్లుకున్నాను. తీరా చూస్తే పొక్కులతోపాటు నొప్పీ పోయింది. నవ్వుకుంటూ కల్లంలోకి వచ్చి కూర్చుంది.

మరుసటి ఏడు నాకు లేచింది, ఎడమ పక్కన. అక్క వయసు కాదుగా, నాకేమవుతుందిలే అనుకున్నాను. సర్పి తలా తోకా కలవకూడదని చుట్టూ ఎర్రమన్ను పూయించుకుని, కాయ ఏరడం అయ్యాకే గుంటూరు వెళ్లాను.

"ముందే రావాల్సిందమ్మా. వచ్చినా నొప్పి తప్పేదని గట్టిగా చెప్పలేననుకోండి" అన్నారు డాక్టరుగారు.

పొక్కులు మానాయి. నొప్పి మానలేదు. రవిక తగిలితే మంట, గాలి తగిలినా మంట.

"దేవుడు నీకు రాసింది నాకిచ్చాడక్కా" అన్నాను ఒకరోజు ఉక్రోషం ఆపుకోలేక.

"అయితే నా సొత్తు నాకిచ్చెయ్యవే, దొంగమొహమా!" అంది.

అని ఊరుకోలేదు. ఉతికి ఉతికి పల్చబడ్డ తన నూలు చీర చింపి నాకు వదులు రవికలు కుట్టింది. డాక్టరుగారు తప్పు చెప్పారని నేనంటే మాత్రం ఒప్పుకునేది కాదు. చేతిలో కాయ చూపించేది.

"తడిసింది గదా, ఇది తెల్లబడి తాలుకాయ అయిద్దనుకుంటాం. ఎర్రగానే నిలబడిద్ది. బాగుందనుకున్నదేమో తాలయిద్ది. ఆయన కూడా మనలాగే చూసి చెప్పాడే, పాపం."

ప్రార్థన చేసుకునేటప్పుడు ఆమె మాట గుర్తొచ్చి కొంత నెమ్మదించేదాన్ని. మళ్లీ ఆమె బిందె నడుం మీద పెట్టుకుని చకచకా వెళ్తుంటే చూసి కుమిలేదాన్ని.

చర్చిలో ఆడవాళ్ల చాప మీద అక్క ఎప్పుడూ నా ఎడమవైపే, స్టాండు ఫ్యానుకూ నాకూ మధ్య కూర్చునేది. నేను చెమటలు కక్కుతూ, రెపరెపలాడే ఆమె పైట వంక చూస్తూ ప్రార్థన మరిచిపోయేదాన్ని.

"పెద్దామె గాలంతా తనే తాగుద్దమ్మా!" అని వెనకవాళ్లు ఒకసారి ఎగతాళి చేశారు.

"నాకు ఉక్కెక్కువలే" అంది. నా నొప్పి సంగతి వాళ్లతో చెప్పలేదు.

మొన్న ఆదివారం ఒంటరిగా వెళ్లాను. "ఏడ్చి ఏడ్చి చెమటకు తడిసిపోయింది, కాస్త గాలి తగలనీయండి" అని ఎవరో దయతలచి ఎడమవైపు ఫ్యాను నా దగ్గరికి జరిపారు. పక్కంతా భగ్గుమంది. అక్క కూర్చునే చోట ఖాళీ చాప అంచు గాలికి లేస్తూ, పడుతూ ఉంది.