ఓబులేసు రక్తం మీద నేనల్లిన కథ

ఇన్నేళ్లలో నేను కోసిన కోతలన్నీ గాలికి పోయాయి. ఒక్కటి పోలేదు. ఆరేళ్లుగా దాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఓబులేసు ధర్మవరంలో మగ్గం నేసేవాడు. నాకంటే రెండేళ్లు చిన్న. ముఖం ఎర్రగా కందిపోయేది. స్నానం చేస్తే చాలు, ఒళ్లంతా దురద. పరీక్షల్లో రక్తం మితిమీరి ఊరుతోందని తేలింది. డాక్టరు చెప్పింది టీకొట్టు దగ్గర వాడే మాకు చెప్పాడు.

"రక్తం చేయమని కబురొస్తేనే ఎముకల్లోని మూలుగ దాన్ని చేయల్లంట. ఆ కబురు మోసే ప్రోటీను నాకు చెడిపోయిండాది. స్విచ్చి ఇరుక్కున్న మోటారు మాదిరి, కబురు లేకున్నా ఆడతానే ఉండాది. ఇదీ రక్తం క్యాన్సరేనంట, నిదానంగా నడిచే రకం. గడ్డ కట్టకుండా అప్పుడప్పుడూ రక్తం తీసేయల్లంట."

అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. ఇరవై ఏళ్లుగా ఆ టీకొట్టు బల్ల మీద అందరూ అలా విన్నది నా ఒక్కడి మాటలే. నాకు కుళ్లు పుట్టిందా? అప్పుడు దాన్ని తమాషా అనుకుని అందుకున్నాను.

"ఏమప్పా, మన బోర్లు చూసినావు కదా? తోడేకొద్దీ ఎండిపోతాయి. నీ ఒళ్లేమన్నా కృష్ణానదా? కొత్తచెరువులో మా మామ ఇట్లనే తీపిచ్చుకుంటా పోయినాడు. ఆఖరికి సూది గుచ్చితే దుమ్మొచ్చింది!"

బల్లంతా నవ్వింది. ఓబులేసు మాత్రం, "నిజమేనా అన్నా?" అన్నాడు.

"నా కండ్లతో చూసినా."

అలాంటి మామ నాకెవడూ లేడు.

వాడు ఆసుపత్రికి పోవడం మానేశాడు. నాకు తెలుసు. వాడి భార్య వచ్చి, "నువ్వు చెప్పన్నా, నీ మాటయితే ఇంటాడు" అని బతిమాలింది కూడా. చెప్తాలే అన్నాను. చెప్పలేదు. చెప్పాలంటే ముందు నాది అబద్ధమని ఆ బల్ల మీదే ఒప్పుకోవాలి, నవ్విన వాళ్లందరి ముందూ. ఒక మనిషి ప్రాణం కన్నా నాకది అంత బరువైందా? అయింది.

ఆ ఎండాకాలం మగ్గం మీదే వాడి కుడిచెయ్యి వాలిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు.

ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడు, రక్తం తీయించుకుంటున్నాడు. సూది చూస్తే మాత్రం ఇప్పటికీ వణుకుతాడు. తోడుగా వెళ్లేది నేనే. "నీ అంత మంచోడు యాడుండాడన్నా" అంటుంది వాడి భార్య. తల వంచుకుంటాను. అణకువ అనుకుంటుంది.

వాడికి ఇంకా చెప్పలేదు. చెప్తానో లేదో కూడా తెలియదు. మీకు చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది. వాడి చెయ్యి మాత్రం ఒళ్లోనే పడి ఉంది.