నెల్లూరోళ్ళ బల్ల

నాలుగు రాష్ట్రాల పిల్లల మధ్య చదివితే లోకం తెలుస్తుందని మా అమ్మాయిని నెల్లూరు నుంచి బెంగళూరు తీసుకెళ్ళాను. యలహంక దాటాక ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అడ్మిషన్ల మేడమ్, దేశమంతా తమ దగ్గరే చదువుతోందని గంటసేపు ఇంగ్లీషులో చెప్పింది.

ఆకలేసి క్యాంటీన్‌కి వెళ్ళాం. వడ్డించే ఆవిడ మా మాటలు విని తెలుగులో పలకరించింది.

"ఏ ఊరప్పా మీది?"

నెల్లూరన్నాను.

"అట్లనా? ఆ బల్ల కాడ ఉండేదంతా నెల్లూరోళ్ళే. కిటికీ పక్కన గుంటూరోళ్ళు. ఈ తట్టు కర్నూలోళ్ళు."

"మరి ఈ ఊరి పిల్లలు?"

మా అమ్మాయి చేతిలోని బ్రోచర్ మీద పట్టుచీరలో నవ్వుతున్న పిల్లను ఆవిడ వేలితో చూపించింది. "ఇది నా కూతురప్పా. ఫోటోకి ఈ ఊరి పిల్ల కావాలని పిల్చుకోని పోయిరి. చదివేది మాత్రం సర్కారీ కాలేజీలో. ఇక్కడ సీటు అడిగితే ఫీజు చెప్పిరి."

మా అమ్మాయి తినడం ఆపి, "తనేం చదువుతోంది ఆంటీ?" అంది.

"బీకాం. నువ్వు?"

"నేనూ అదే."

ఆవిడ దాని పళ్ళెంలో ఇంకో వడ వేసింది.

అయినా సాయంత్రం అక్కడే ఫీజు కట్టేశాను. అంతా మనవాళ్ళే ఉన్నారు, భయం లేదని మా ఆవిడకు ఫోన్‌లో చెప్పాను.