తెల్లవారుజాము నాలుగింటి గడి

ఎనభైల మొదట్లో మేము వర్జీనియాలో, వాషింగ్టన్‌కి నది ఇవతల, ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నాకు అప్పుడే ఒక కన్సల్టింగ్ ఆఫీసులో పని దొరికింది. ఉద్యోగమంటే పెద్ద ఉద్యోగమేం కాదు, ఆరు నెలల ముచ్చట. పని నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే దండం పెట్టి పంపించేస్తారు. ఎమ్మే చదివి నాలుగేళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నదాన్ని. ఆ ఉద్యోగం పోతే నాకు పిచ్చెక్కడం ఖాయం.

బీద దేశాల పల్లెలకు కరెంటు పెట్టడానికి అమెరికా ప్రభుత్వం సాయం చేసేది. ఆ సాయం ఎక్కడ, ఏ రూపంలో ఇస్తే పనికొస్తుందో వాకబు చేసి రిపోర్టు రాయడం మా ఆఫీసు పని. ఆ ఏడు తూర్పు ఆఫ్రికాలో కొన్ని పల్లెలకు డీజిల్ జనరేటర్లు ఇద్దామనుకున్నారు. రోజుకి నాలుగు గంటలకు మించి నడిపితే డీజిల్ చాలదు. మరి ఏ నాలుగు గంటలు? ఊరివాళ్ళనే అడిగి తేల్చుకోవాలి. అలా అడగడానికి ఫారం తయారు చేసే పని నా నెత్తిన పడింది.

"పల్లెటూళ్ళో పుట్టిన మనిషివి, నీకు తెలిసినంత మాకెవరికి తెలుస్తుంది?" అన్నాడు మా బాసు. నేను ఉబ్బిపోయాను. లాంతరు ముందు కూర్చుని ఎస్సెల్సీ దాకా చదివినదాన్ని మరి, ఆ మాత్రం ఉబ్బకపోతే ఎలా?

పది పేజీల ఫారం చేశాను. అందులో నాకు తెగ నచ్చేసింది గడుల పేజీ. సాయంత్రం ఆరు నుంచి ఏడు ఒక గడి, ఏడు నుంచి ఎనిమిది ఇంకొకటి, అలా రాత్రి పదకొండు దాకా. ఏ గంటలో దీపం కావాలో ఆ గడిలో టిక్కు పెట్టాలి, అంతే. చూడముచ్చటగా ఉంది. బాసు కూడా భుజం తట్టాడు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఏ ఫారమైనా సరే, ముందు ఇంటికి తీసుకెళ్ళి ఎవరి చేతనైనా నింపించాలి. మిగతావాళ్ళు తమ పెళ్ళాల చేత నింపించేవాళ్ళు. వాళ్ళలో కిరసనాయిలు దీపం కంటితో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకైతే అసలు సిసలు మనిషి ఇంట్లోనే ఉన్నారు, మా అత్తగారు. గుంటూరు జిల్లా పల్లెలో మిషన్ బడి టీచరమ్మగా రిటైరై, మా దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, బల్ల మీద ఫారం పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, కళ్ళు మూసుకుని, "ప్రభువా, తప్పు రాయనీకు" అని చిన్న ప్రార్థన చేసుకుని మొదలుపెట్టారు. గడుల పేజీ వచ్చేదాకా బాగానే సాగింది. అక్కడ పెన్సిలు ఆగిపోయింది.

"అమ్మాయ్, నాలుగింటికి గడి ఏదీ?"

"సాయంత్రం నాలుగింటికి ఎండే కదండీ అత్తయ్యా! అందుకే ఆరు నుంచి పెట్టాను."

"సాయంత్రం సంగతి ఎవరడిగారు? నేనంటున్నది తెల్లవారుజామున."

"ఆ టైముకి లైటు ఎవరికి కావాలండీ? ఊరంతా నిద్రపోతుంటే!"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. క్లాసులో వెనక బెంచీ పిల్లను చూసినట్టు చూశారు. "ఊరంతానా? పాలెవరు పితుకుతారు? పొయ్యెవరు రాజేస్తారు? నువ్వు బడికి పోతుంటే క్యారేజీ ఎవరు కట్టారు?"

"మా అమ్మ."

"ఎన్నింటికి లేచేది?"

నాకు తెలియదు. నేను కళ్ళు నులుముకుంటూ లేచేసరికి అన్నం ఉడికిపోయి ఉండేది, వాకిలి ఊడ్చి ఉండేది. అవన్నీ ఎప్పుడు జరిగేవో నేనొక్కనాడూ అనుకోలేదు. తప్పు నాదని తెలిసిపోయింది, తెలిసినకొద్దీ ఒళ్ళు మండింది.

"ఇప్పుడు ఫారం మార్చమంటే ఉద్యోగం ఊడుతుంది. అప్పుడు మీరిస్తారా ఉద్యోగం?" అనేశాను. మా ఆయన ఎవరూ అడగకుండానే ప్లేట్లు పట్టుకుని సింకు దగ్గరికి తప్పుకున్నారు. అత్తగారు స్కేలు అడిగి తీసుకుని, పేజీ అంచున కొత్త గడి ఒకటి గీసి, అందులో టిక్కు పెట్టి, ఫారం నా చేతికిచ్చారు.

శుక్రవారం మీటింగు. సాయం ఇచ్చే ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఫారాలన్నీ అచ్చయి, అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయి. సోమవారం విమానం ఎక్కించడమే తరువాయి. నోరు మూసుకు కూర్చుందామనే అనుకున్నాను, ఒట్టు. కానీ మా ఆఫీసు పద్ధతి తెలిసిన ఆ పెద్దాయన పేజీలు తిప్పుతూ, "ఇంట్లో ఎవరిచేతైనా నింపించావా?" అని అడిగాడు. అబద్ధం చెప్పబోయాను, నోరు రాలేదు.

"నింపించానండీ. నా ఫారం తప్పు" అని, అత్తగారు గీసిన గడి చూపించాను.

బాసు మొహం ఆముదం తాగినట్టయింది. "ఒక్క అత్తగారు చెబితే సర్వే అయిపోతుందా? అయినా ఆఫ్రికా, ఆంధ్రా ఒకటేనా?" అన్నాడు.

"ఒకటి కాదు, నాకూ తెలియదు. అందుకే గడి ఉండాలి. వాళ్ళకి అక్కర్లేకపోతే ఖాళీగా వదిలేస్తారు. గడే లేకపోతే కావాలని చెప్పడానికి దారేది?" అన్నాను.

పెద్దాయన ఇరవైనాలుగు గంటలకూ గడులు పెట్టి మళ్ళీ అచ్చు వేయమన్నాడు. ఆడవాళ్ళను విడిగా అడగమన్నాడు. ఆయన వెళ్ళాక బాసు నాతో ఒకే మాట అన్నాడు. "ఫారాలు తిరిగి రానీ. ఆ గడులు ఖాళీగా వస్తే నీ సంగతి నువ్వే చూసుకోవాలి."

ఫారాలు తిరిగొచ్చేదాకా మూడు నెలలు నాకు అన్నం సయించలేదు. అత్తగారు మాత్రం నా ఉద్యోగం కోసం పూటపూటా ప్రార్థన చేస్తూ, "నాలుగింటికి లేవని ఆడది ఏ దేశంలో ఉందే?" అని నన్నే దెబ్బలాడేవారు. ఆ దిగుల్లోనే ఒకరోజు మా అమ్మకి ఉత్తరం రాశాను, నా చిన్నప్పుడు నువ్వు ఎన్నింటికి లేచేదానివని.

ఫారాలు వచ్చాయి. పెట్టె విప్పి ముందు ఆడవాళ్ళ కట్ట తీశాను. తెల్లవారుజాము గడుల్లో టిక్కులే టిక్కులు! ఒకామె రెండుసార్లు పెట్టింది, మనకు కనపడదేమోనని. జనరేటరు తెల్లవారుజామున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నడపాలని నిర్ణయమైంది. నా ఉద్యోగమూ ఖాయమైంది. "మీ అత్తగారు కూడా మా దగ్గర చేరతారేమో అడుగు" అన్నాడు బాసు, నవ్వుతూనే.

ఆ వారమే అమ్మ జవాబు వచ్చింది. పొద్దున ముగ్గురం కాఫీ తాగుతుంటే పైకే చదివాను.

"అమెరికా పోయి ఇదా నువ్వడిగేది? మూడున్నరకి లేచేదాన్ని. లాంతరు వెలుగు మొహాన పడితే నువ్వు లేచిపోతావని చాట అడ్డం పెట్టి పని చేసుకునేదాన్ని."

ఇంక చదవలేకపోయాను. ఏడుపొచ్చేసింది. అత్తగారు నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని, మడిచి బల్ల మీద పెట్టి, "నేను తాడు కట్టి దుప్పటి వేలాడేసేదాన్ని, వీడికి" అన్నారు.

మా ఆయన పేపరు కిందికి దించి వాళ్ళమ్మ వైపు చూశారు.