దయ్యానికి జడ వేసిన కథ

అరవైల్లో బోధన్ రీడింగ్ రూంలో చేతిరాత పత్రిక ఒకటి నడిచేది. ఉండేది ఒకే ప్రతి. ఎవరూ ఎత్తుకుపోకుండా బల్లకు దారంతో కట్టేవారు. అందులో నా దయ్యం కథ వచ్చాక నేను బజారులో కాస్త మెల్లగా నడవడం మొదలుపెట్టాను, ఎవరైనా ఆపి మెచ్చుకుంటారేమోనని. ఎవరూ ఆపలేదు. నేను పాఠాలు చెప్పే బడిలోని డ్రాయింగ్ మాస్టరు ఒక్కడే ఆపాడు.

"తమ్మీ, కథ మంచిగుంది గని సదివెటోళ్లు లేరు. నేను దాన్ని బొమ్మల కథ చేస్త" అన్నాడు.

కథ పెద్దదేం కాదు. చెరుకు బండి ఫ్యాక్టరీకి పోతుంటే దారిలో కాలువ మీది మోరి దగ్గర ఎద్దులు ఆగిపోతాయి. ఒక ఆడమనిషి బండెక్కుతుంది. బరువుకి ఇరుసు మూలుగుతుంది. తీరా బండ్లు తూచే కాంటా దగ్గర చూస్తే బండి మీద ఎవరూ ఉండరు. ఆమె ముఖం నేనెక్కడా చూపించలేదు. గొప్పంతా అందులోనే ఉందని నా నమ్మకం.

ముఖం లేకుండా బొమ్మల కథ ఎలా కుదురుతుంది? ఆయన ముఖం గీశాడు. ఏటా క్రిస్మస్‌కు చర్చిలో దేవదూతల్ని గీసే చెయ్యి కదా, మా దయ్యం తెల్లబట్టలతో, చల్లని చూపుతో దిగింది. రెక్కలొక్కటే తక్కువ.

"అన్నా, దీన్ని జూసి భయపడరు. దండం పెడ్తరు" అన్నాను.

రోషమొచ్చి, మర్నాటికల్లా జుట్టు విరబోసి, కళ్లు ఎర్రగా చేసి తెచ్చాడు. ఈసారి నాకే దడ పుట్టింది.

అసలు పేచీ పై అట్ట దగ్గర వచ్చింది. రచన అని నా పేరు పెద్దగా రాసి, బొమ్మలు అని ఆయన పేరు కింద చిన్నగా రాశాను. ఆయన రెండూ చెరిపేశాడు.

"నువ్వు దయ్యాన్ని సూపియ్యనే లేదు. మొఖమిచ్చింది నేను. ఈ కథ నాది."

"నా కథ లేకుంటే నీది వట్టి దేవదూత!"

మాటలు బందయ్యాయి. చాక్‌పీసు కావాలన్నా మూడో మాస్టరుతో అడిగించుకునేవాళ్లం. చివరికి ఆయనే కాగితాలు పట్టుకుని, తేల్చుకుందామని మా ఇంటికొచ్చాడు.

మా నాయినమ్మ అరుగు మీద పసుపు కొమ్ములు ఏరుతోంది. ఆమెను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. నిజానికి ఆ కథ మొదట విన్నది ఆమె నోటనే. చిన్నప్పుడు మేం పోయే బండ్ల వెనక వేలాడి చెరుకు గడలు గుంజుతుంటే, మోరి కాడ ఆడమనిషి బండెక్కుతదని బెదిరించేది. పేచీలో ఈ సంగతి నేనెత్తలేదు. ఉన్న వాటాదార్లే ఎక్కువయ్యారు.

అవ్వకు చదువు రాదు. బొమ్మలు ఒక్కొక్కటే చూసింది. విరబోసిన జుట్టు దగ్గర ఆమె వేలు ఆగింది.

"గీమె ఎవరు?"

"మోరి కాడి దయ్యం అవ్వా. నువ్వు జెప్పిందే."

"గది మా అక్క గదరా" అంది అవ్వ.

జ్వరంతో ఉన్న అక్కను దవాఖానకు తేవాలంటే, చెరుకు నరికే కాలం కావడంతో ఖాళీ బండి దొరకలేదట. నిండు బండి మీదే, గడల మధ్య పడుకోబెట్టి బయల్దేరారట. మోరి దాటకముందే ప్రాణం పోయింది.

"పోరగాండ్లంటే పానం పెట్టేది. మీరు బండి కింద వడకుంట సూస్తదని దాన్ని ఆడ కావలి వెట్టిన. బెదిరిచ్చింది నేను, అది గాదు" అంది. తర్వాత మాస్టరు వైపు తిరిగి, "జుట్టెందుకు గట్ల ఇరబోసినవ్ కొడుకా? మా అక్క జడ ఏనాడు ఊడలే" అంది.

ఆయన అక్కడే కూర్చుని, తెల్ల రంగు పూసి, బిగుతుగా జడ వేశాడు. కళ్ల ఎరుపు కూడా తీసేశాడు. నా పేరు సంగతి ఎత్తడానికి నాకు సిగ్గేసింది.

"నీ పేరు రాస్తం అవ్వా."

"నాదెందుకురా? కథ దానిది" అని అక్క పేరు చెప్పింది. అట్ట మీద అదొక్కటే రాసి, రీడింగ్ రూం బల్లకు కట్టాం.

ఆ దయ్యాన్ని చూసి ఒక్కరూ జడుసుకోలేదు. కాని బల్ల దగ్గర జనం మూగారు. నన్ను బజారులో ఆపి మాట్లాడే రోజూ వచ్చింది. రీడింగ్ రూం పెద్దమనిషి ఆపి, అట్ట మీది పేరు పెట్టి అడిగాడు, "ఏ ఊరామె? మంచిగ రాసింది. ఇంకోటి పంపుమను."

ఇంటికొచ్చి చెబితే అవ్వ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇన్నేండ్లకు దాన్ని పేరువెట్టి అడిగెటోడు ఒక్కడొచ్చిండు" అంది.